గంధం పెట్టిన గొట్టం

పెళ్లిలో ఎవరైనా చేతికి గంధం రాస్తే అందరికీ ఏం గుర్తుకొస్తుందో గానీ, నాకు మాత్రం విమానం వేగం గుర్తుకొస్తుంది. మొన్నొక పెళ్లిలో అదే జరిగింది. ఆ చల్లటి వాసన ముక్కుకు తగలగానే శేషగిరి మాస్టారు, ఆయన స్కూటరు కళ్లముందుకొచ్చి నవ్వు ఆపుకోలేకపోయాను. గంధం రాసిన అమ్మాయి పాపం, తనేం పొరపాటు చేసిందోనని కంగారుపడింది.

అరవైల చివర, యూనివర్సిటీ క్యాంపస్‌లో నేను ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఆయన మాకు గాలి గురించి పాఠం చెప్పేవారు. కోస్తా నుంచి వచ్చి తార్నాకలో కాపురం పెట్టిన మనిషి. “నేలమీద బండికి చక్రం తిరుగుతుంది, వేగం తెలుస్తుంది. ఆకాశంలో ఏం తిరుగుతుందయ్యా?” అని అడిగి, మేము నోరు తెరిచేలోపు తనే చెప్పేసేవారు. విమానానికి ఎదురుగాలి వైపు మూతి ఉన్న సన్నటి గొట్టం ఒకటి ఉంటుంది. గాలి అందులో దూరి, పోయే దారి లేక ఆగిపోయి నెడుతుంది. ఆ ఒత్తిడిని చుట్టూ ఉన్న మామూలు గాలి ఒత్తిడితో పోల్చి చూస్తే వేగం తెలుస్తుంది. “బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి నోరు తెరిచి చూడండి, ఇదే పాఠం” అనేవారు. మాలో కొందరు తెరిచి చూశాం కూడా.

ఆయనకున్న కోరికల్లా ఒక్కటే, కాలేజీలో ఒక గాలి సొరంగం కట్టాలి. పెద్ద ఫ్యానుతో గాలి తోలి, అందులో విమానం బొమ్మలను పరీక్షించాలి. ఫ్యాను ఎప్పుడో సంపాదించారు. గది దొరక్క అది వాళ్లింటి ముందుగదిలోనే ఉండేది. ఆయన భార్య దాని ముందు తీగ కట్టి బట్టలు ఆరేసేవారు. “మీకు గది రాకపోయినా నాకేం ఇబ్బంది లేదండీ, వానాకాలంలో ఇదే దిక్కు” అనేవారావిడ. కాలేజీలో విరిగిన కుర్చీలు పడేసిన గది ఒకటుంది. దాన్ని అడిగినప్పుడల్లా ప్రిన్సిపాల్ గారు, “గాలికి రూము ఎందుకండీ, బయట మస్తుగున్నది గదా” అని తోసేసేవారు. చివరికి విసిగిపోయి, “దసరా అయినంక చేసి చూపెట్టండి. నా కండ్లతోని చూస్తే రూము మీది. లేకుంటే ఇగ ఆ ముచ్చట ఎత్తొద్దు” అన్నారు.

మాస్టారు తన స్కూటరు ముందు ఒక ఇత్తడి గొట్టం బిగించారు. దాన్నుంచి రబ్బరు గొట్టం వెనక సీటుదాకా వచ్చి, పలకకు కట్టిన వంపు గాజుగొట్టంలో కలుస్తుంది. అందులో నీళ్లు, మా పేపర్లు దిద్దే ఎర్రసిరా కలిపి పోశారు. స్కూటరు ప్రాణం పెట్టి పరిగెత్తితే ఆ నీళ్లు అర అంగుళం లేచేవి. ఆ అర అంగుళానికే ఆయన మురిసిపోయేవారు.

ఇంతలో వర్క్‌షాపులో ఆయుధపూజ వచ్చింది. ప్రిన్సిపాల్ గారికి భక్తి మెండు. లేత్ మిషను నుంచి సుత్తి దాకా దేన్నీ వదలకుండా తన చేత్తోనే గంధం, కుంకుమ పెట్టారు. స్కూటరు దగ్గరికొచ్చి, “గిదేనా మీ గొట్టం” అని ఉంగరపు వేలితో సరిగ్గా దాని మూతిమీదే ఇంత గంధం అద్ది, కుంకుమ దిద్ది దండం పెట్టుకున్నారు. మాకందరికీ బొట్టే కనబడింది. బిరడా ఎవరికీ కనబడలేదు.

పరీక్ష రోజున నేను తార్నాక చౌరస్తాలో ఇరానీ హోటల్ ముందు నిలబడ్డాను. కాలేజీ నుంచి మాస్టారు స్కూటరు తోలుకొచ్చి ఆపగానే, వెనక సీటుమీద పలకను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ప్రిన్సిపాల్ గారు దిగారు. జుట్టంతా రేగిపోయి ఉంది. నీళ్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. “ఏంది శేషగిరి గారూ, మీ మీటరు లెక్కన మనం ఇంక కాలేజీల్నే ఉన్నం” అన్నారు.

మాస్టారి ముఖం పాలిపోయింది. వంగి గొట్టం మూతి చూశారు. నేనూ చూశాను. “సార్, అది మీరే...” అని నేను ప్రిన్సిపాల్ గారితో మొదలుపెట్టేసరికి మాస్టారి చెప్పు నా కాలిమీద పడింది.

“తప్పు నాదేనండి. పైలట్ ఎక్కేముందు చూసుకోవలసింది ఈ రంధ్రమే. నేను చూసుకోలేదు” అంటూ, హోటల్లో చీపురుపుల్ల అడిగి తెచ్చి పొడిచారు. ఎండిన ముద్ద ఊడి పడింది. ప్రిన్సిపాల్ గారు దాన్ని తీసుకుని వాసన చూశారు. తర్వాత తన ఉంగరపు వేలు చూసుకున్నారు, చాలాసేపు. “జర ఎక్కువైనట్టున్నది” అని మెల్లగా అని, “నడువుండ్రి, మళ్ల పోదాం” అంటూ తనే ముందు స్కూటరు దగ్గరికి నడిచారు. తిరిగొచ్చేటప్పుడు పలకను రెండు చేతులా పట్టుకుని, “లేసింది, లేసింది” అంటూ దారిన పోయేవాళ్లందరికీ చూపిస్తున్నారు.

గది మాస్టారిదయింది. విరిగిన కుర్చీలు మోస్తూ, “ఆయనే చేసిండని చెప్తే అయిపోతుండె గదా సార్” అన్నాను. “నీ తప్పు అంటే మనిషి దాన్ని ఎలా తోసేయాలా అని చూస్తాడోయ్. నా తప్పు అంటే తీరిగ్గా వెతుక్కుంటాడు” అన్నారాయన.

ఆయనంటే నాకు ఇప్పటికీ ప్రాణం. తర్వాత నేనూ కొందరికి పై అధికారినయ్యాను. ఎక్కడ ఏది చెడినా, అందరి ముందూ “నేను చూసుకోవలసింది” అనే మాటతోనే మొదలుపెట్టేవాణ్ని. కొందరు నిజంగానే ఆలోచనలో పడి తమ పొరపాటు వెతుక్కునేవారు. మిగిలినవాళ్లు “అవును సార్, మీరే చూసుకోవలసింది” అని ఊరుకునేవారు. అయినా ఆ అలవాటు మానలేదు.