లైటు ఆర్పే బావగారు

మా బావగారు ఏ గదిలో అడుగుపెట్టినా ముందు లైటు ఆర్పేస్తారు. పలకరింపు ఆ తర్వాతే.

పెళ్లైన కొత్తలో కరెంటు పోయిందనుకుని అక్క కొవ్వొత్తి వెలిగిస్తే, దాన్నీ ఊదేశారు. చీకట్లో భోజనం చేస్తూ నా పళ్లెంలో చెయ్యి పెట్టేవారు.

"బావగారూ, అది నా కూర."

"అదే, ఇంత రుచిగా ఉందేమిటా అనుకుంటున్నా."

మేమిద్దరం పనిచేసే ఆసుపత్రి ల్యాబులో చీకటి తప్పదు. ఆయన తయారుచేసే నానోకణాలకు వెలుగు తగిలితే పూనకమే. రక్తంలోకి ఎక్కిస్తే వెళ్లి క్యాన్సర్ గడ్డలో చేరతాయి. సన్నగా లేజరు వేస్తే మెరిసి గడ్డను పట్టిస్తాయి, లేజరు పెంచితే దాన్ని చంపేస్తాయి. బాగానే ఉంది, మధ్యలో మా అక్క ఇల్లేం పాపం చేసింది?

ఆయన మోకాళ్లకు ఎప్పుడూ కట్లే. బల్ల తగిలినా, మంచం తగిలినా చిన్న పుస్తకంలో రాసుకునేవారు.

"తిట్లా రాస్తున్నారు?" అనేది అక్క.

తొమ్మిదేళ్లకు మొదటి రోగి వచ్చింది, బట్టలు కుట్టే ఆవిడ. గొంతులో గడ్డ. కోసి తీస్తే మాట పోతుందన్నారు. మా మందుకైతే వారం రోజులు చీకటి గదిలో ఉండాలి, లేకపోతే వెలుగుకు ఒళ్లు కాలుతుంది.

"చీకట్లో పడి చస్తాను బాబూ. మాట పోతే పోనీ," అంటూ సంచీ తీసుకుంది.

"ఒక్కసారి గది చూసి వెళ్లండమ్మా," అని బావగారు లైటు ఆర్పారు. దభీమని చప్పుడు వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. చేత్తో తడిమితే, బల్ల అంచులకు, మంచం కోళ్లకు దూది పెట్టి గుడ్డ కుట్టి ఉంది. గోడ వెంట ముళ్లు వేసిన తాడు.

"ఒక ముడి దగ్గర మంచినీళ్లు. రెండు ముళ్ల దగ్గర బాత్‌రూం."

ఆవిడ అన్నీ తడిమి చూసింది. "ఈ కుట్టు ఎవరిది?"

"నాదేనమ్మా."

"ఘోరంగా ఉంది. సూదీ దారం ఇప్పించండి, ఉంటాను."

ఆ పుస్తకంలో ఉన్నవి తిట్లు కావు, చీకట్లో మనిషికి ఏది ఎక్కడ తగులుతుందో ఆ లెక్కలని నాకప్పుడు అర్థమైంది. ఎవరో కూడా తెలియని మనిషి కోసం ఆయన తొమ్మిదేళ్ల పాటు ముందుగానే దెబ్బలు తిన్నారు.

మందు ఎక్కించిన మూడో రోజు లేజరు వేశాం. తెరమీద గడ్డ మిణుగురులా మెరిసింది! నాకు ఒళ్లంతా పులకరించింది, బావగారి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. లేజరు పెంచాం.

నెల తర్వాత పరీక్షలో గడ్డ లేదు. ఆవిడ ఆ సాయంత్రమే అక్కావాళ్ల ఇంటికొచ్చి, వీధి చివరికి వినబడేంత గొంతుతో బావగారిని కూర్చోమని, ఆయన మోకాళ్లకు రెండు మెత్తటి తొడుగులు తొడిగింది.

"ఆ గదిలోనే కుట్టాను. చీకట్లో కదా, కొలత కుదిరిందా?"

అతికినట్టు కుదిరాయి. అక్క ఆయన్ని ఎగాదిగా చూసి, తనే వెళ్లి లైటు ఆర్పింది.