బియ్యపు గిన్నెలో ఛెంగ్‌హో

ఖో బున్‌సెంగ్ చచ్చిపోయిన కొడుకును నూటయిరవై రోజులు సోలెడు బియ్యంలో బతికించాడు.

నూటయిరవై అంటే ఎవరూ నమ్మరు గనక తొంభై మూడు అందాం. సోలెడన్నదీ ఎక్కువే. అది టీ తాగే గిన్నె కంటే కాస్త పెద్దది, అంతే. బతికించాడన్న మాటను కూడా సగం వెనక్కి తీసుకోవచ్చు. చావనివ్వలేదన్న మాట మాత్రం తీసుకోవడానికి వీల్లేదు. దానికి ఊరంతా సాక్ష్యం, ఒకవేళ ఊరు నోరు విప్పితే.

తైవాన్ పడమటి తీరంలో, ఆటుకు మైలు దూరం వెనక్కి పోయిన సముద్రం పోటుకు గుమ్మం ముందుకొచ్చి నిలబడే చోట, బున్‌సెంగ్ ఎర్రతల గురువు. దావో మార్గంలో పూజారులందరూ ఒక్క తానులో గుడ్డలు కారు. పెళ్ళాం, పిల్లలు, మాంసం ఏవీ వద్దనుకుని కొండల మీద ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళు కొందరున్నారట. ఆ తీరంలో వాళ్ళనెవరూ చూడలేదు. చేపలు తినేవాళ్ళ దగ్గర చేపలు తినే గురువులే ఉంటారు. వాళ్ళలోనూ రెండు తెగలు. నల్లటోపీ గురువు చావింటికి వెళ్తాడు. తలకు ఎర్రగుడ్డ చుట్టుకుని కొమ్ముబూర ఊదే గురువు పురిటింటికి వెళ్తాడు. చావు మైల అంటిన చేతిని పురిటి గడప లోపలికి ఏ అత్తగారూ రానివ్వదు. అందుకని ఎర్రతలవాడు శవం ఎదురైతే తల తిప్పుకుంటాడు. తన తండ్రి పోయిననాడు కూడా బున్‌సెంగ్ వీధిలోనే నిలబడ్డాడు.

జడిసిన పిల్లల్ని మామూలుగా చెయ్యడంలో అతనికి పెట్టింది పేరు. మనిషికి ఆత్మలు మూడు. కుక్క మీదికొచ్చినా, పిడుగు పడినా వాటిలో ఒకటి జారి దారిలో పడిపోతుంది. పిల్ల అన్నం మానేస్తుంది, నిద్రలో ఉలిక్కిపడుతుంది. తల్లి ఆ పిల్ల చొక్కా పట్టుకుని వస్తే, బున్‌సెంగ్ గిన్నె నిండా బియ్యం పోసి, అరచేత్తో సమంగా తుడిచి, చొక్కాతో చుట్టి, ధూపం మీద మూడుసార్లు తిప్పి, పేరు పెట్టి పిలిచేవాడు. "ఇంటికి రా అమ్మా, చీకటి పడుతోంది, ఇంటికి రా." చొక్కా విప్పితే సమంగా తుడిచిన బియ్యంలో ఎక్కడో ఒక చిన్న గుంట పడి ఉండేది. గుంట చూసి ఎక్కడ జడిసిందో చెప్పేవాడు. వెళ్ళబోయే తల్లికి ఒక నీతి కూడా చెప్పి పంపేవాడు: "నీరు పల్లానికి పోతుంది. అడ్డం నిలబడకు. దావో అంటే అంతే."

మూడో నెల నాలుగో రోజున అతని ఒక్కగానొక్క కొడుకు ఛెంగ్‌హో వెదురు తెప్ప వేసుకుని సముద్రంలో ఆల్చిప్పలు పెంచే పందిళ్ళకు వెళ్ళాడు. ఇరవై రెండేళ్ళవాడు. గాలి మారుతోందని రేడియోలో చెప్పారు. గాలి వచ్చేలోపు చిప్పలు వేలాడే తాళ్ళు కోసి తెచ్చుకోకపోతే ఏడాది కష్టం ఇసక పాలవుతుంది. వెళ్ళొచ్చా అని బున్‌సెంగ్ ఇంట్లో దేవుణ్ణి అడిగాడు. నెలవంక ఆకారంలో చెక్కిన రెండు వెదురు చెక్కలను నేల మీద వెయ్యాలి. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడితే దేవుడు ఔనన్నట్టు. రెండూ బోర్లా పడితే కాదన్నట్టు. చెక్కలు ఒప్పుకున్నాయని అతను వంటింట్లోకి కేకేసి భార్య గ్యోక్లాన్‌కు చెప్పాడు. రెండో రోజు తెప్ప ఖాళీగా ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మనిషి రాలేదు. శవమూ రాలేదు.

"జడుసుకున్నాడు. ఏదో లంకలో పడి ఉంటాడు. ఆత్మ జారిపోయి దారి తెలియడం లేదు వాడికి," అన్నాడు బున్‌సెంగ్.

ఆ సాయంత్రం కొడుకు చొక్కా తీసి బియ్యపు గిన్నెకు చుట్టాడు. "ఇంటికి రా ఛెంగ్‌హో, ఇంటికి రా నాయనా." విప్పితే బియ్యం తుడిచింది తుడిచినట్టే ఉంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నీళ్ళ అధికారికి ఒకటి, నేల అధికారికి ఒకటి, ఆకాశంలో ఉన్న ముగ్గురు పరిశుద్ధులకు ఒకటి, పసుపు కాగితాల మీద అర్జీలు రాసి కాల్చాడు. పైకచేరీ నుంచి ఏ జవాబూ రాలేదు. గ్యోక్లాన్ మైలబట్ట కట్టబోతే లాగి పొయ్యిలో పడేశాడు. దేవుడి పీట మీద కొడుకు పేరు చెక్కించిన ఫలకం పెడదామంటే, "బతికున్నవాడికా?" అని గిన్నె విసిరికొట్టాడు. గిన్నె అంటే గంజి గిన్నె. బియ్యపు గిన్నెను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకునేవాడు.

ఒకనాడు పొరుగింటి ఆవిడ జడిసిన మనవరాలి చొక్కా పట్టుకొచ్చింది.

"ఇవాళ కుదరదు వదినా. గిన్నె ఖాళీ లేదు," అన్నాడతను.

"మా ఇంట్లో గిన్నెలున్నాయి. ఒకటి పంపించనా?"

"గొంతు ఒక్కటేగా నాకు. వాడు ఎక్కడున్నాడో, వాడికి వినపడాలి. మధ్యలో వేరే పేరు కలిపితే అయోమయపడతాడు."

ఆవిడ గుమ్మం దిగి వెళ్ళిపోయింది. తరవాత ఎవరూ రాలేదు.

నాలుగో నెల చివర్లో, ఛెంగ్‌హో వెళ్ళిన పందిళ్ళ దగ్గరే ఇంకో తెప్ప తిరగబడింది. మనిషి ఎలాగో ఈదుకొచ్చాడు. కాలిని ఎవరో పట్టుకున్నారని చెప్పాడు. ఆ తీరంలో దానికి వేరే అర్థం చెప్పనక్కర్లేదు. నీళ్ళలో పోయినవాడు నీళ్ళలోనే ఉండిపోతాడు. పైకి తీసేవాళ్ళు తియ్యకపోతే తన చోటులో ఇంకొకణ్ణి లాగిపెట్టి గాని బయటపడలేడు. చేపల బజారులో గ్యోక్లాన్ పక్కన చిప్పలు ఒలిచే ఆడవాళ్ళు పీటలు కొంచెం దూరంగా జరుపుకున్నారు.

ఆమె ఇంటికొచ్చేసరికి భర్త మళ్ళీ గిన్నె ముందు కూర్చుని ఉన్నాడు.

"వాడి చొక్కా ఇలా పడెయ్. ఉతకాలి."

"ఉతికితే వాడి వాసన పోతుందే."

"అది పోయి నెలైంది. ఇప్పుడు దానికున్నది నీ చేతుల వాసన." ఆమె పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది. "గో తింగ్‌కోక్‌ను పిలుద్దాం. ఆరో నెలలో నీటిగూళ్ళు తిప్పుతారుగా. వాడికీ ఒకటి కట్టిద్దాం."

గో తింగ్‌కోక్ పక్క ఊరి నల్లటోపీ గురువు. పాతికేళ్ళ కింద ఒక పెళ్ళి విందులో బున్‌సెంగ్ అతన్ని శవాల కాకి అన్నాడు. పిల్లల పీడకలలు తిని బతికేవాడివి నువ్వని తింగ్‌కోక్ అన్నాడు. అప్పటినుంచి ఒకరి నీడ ఒకరు తొక్కరు.

"ఆ కాకి వాలితే వాడు చచ్చినట్టే."

"నీరు పల్లానికి పోతుందని ఊళ్ళో ప్రతి తల్లికీ చెప్పి పంపావు. నీ ఇంట్లో ఎటు పోతుందయ్యా నీరు? మెట్టకా?"

అతను చొక్కాను గిన్నెకు మళ్ళీ బిగించాడు. "ఇంటికి రా ఛెంగ్‌హో," అని మళ్ళీ మొదలుపెట్టాడు.

గ్యోక్లాన్ అడగడం మానేసింది. చెప్పకుండానే వెళ్ళి గూడు కట్టించింది.

ఆరో నెల ఎనిమిదో రోజు మధ్యాహ్నానికి కరకట్ట పొడవునా నీటిగూళ్ళు నిలబెట్టారు. నీటిగూడంటే మనిషి నడుమెత్తు వెదురు బుట్టకు చుట్టూ కాగితం అతికించి, నడిమధ్యన బొంగు గుచ్చి, గిర్రున తిరిగేలా నేలలో పాతినది. పురిట్లో పోయిన ఆడవాళ్ళకు ఎర్రవి, నీళ్ళలో పోయినవాళ్ళకు తెల్లవి. తింగ్‌కోక్ నల్లటోపీ పెట్టుకుని పేర్లు చదువుతుంటే ఎవరి గూడును వాళ్ళు చేత్తో తిప్పుతూ పిలుస్తారు. నీటి అడుగునున్న ఆత్మ గూటికి అతికించిన కాగితపు మెట్లు పట్టుకుని మెలికలు తిరిగి పైకి వస్తుంది. వచ్చిందో లేదో చెక్కలు వేసి అడుగుతారు. సాయంకాలానికి అన్నీ తిరిగాయి. ఛెంగ్‌హో గూడు మాత్రం బురదలో పాతిన గుంజలా బిగుసుకుపోయింది.

బున్‌సెంగ్ ఇంట్లో తలుపు వేసుకుని బియ్యం తుడుస్తుండగా గ్యోక్లాన్ వచ్చింది. మోకాళ్ళదాకా బురద.

"వాడు రావడం లేదు," అంది. "తింగ్‌కోక్ గురువు చెక్కలు వేశాడు. మూడుసార్లూ కాదనే వచ్చింది. పైనుంచి ఇంకెవరో వీణ్ణి పిలుస్తున్నారమ్మా, రెండు పక్కలా లాగితే వాడెటు వస్తాడన్నాడు."

"నాకు తెలుసు. రాడు. చచ్చినవాళ్ళలో లేడు గనక రాడు."

"ఇంకొక్కసారి వెయ్యమని కాళ్ళు పట్టుకున్నాను. వెయ్యనన్నాడు. మూడుసార్లు కాదన్నాక నాలుగోసారి వెయ్యకూడదట. నాలుగోసారి వచ్చే మాట దేవుడిది కాదట. మనదేనట."

బున్‌సెంగ్ అరచెయ్యి బియ్యం మీద ఆగిపోయింది. బయట డప్పుల మోత వినబడుతూనే ఉంది. అతను, "నేను వేశాను," అన్నాడు.

"ఏమిటి?"

"నాలుగోది. ఆ రోజు." అతను బియ్యం వంకే చూస్తున్నాడు. "మూడుసార్లూ బోర్లా పడ్డాయి. వాడు పక్కనే ఉన్నాడు. వద్దులే నాన్నా, చిప్పలు పోతే పోయాయి అన్నాడు. నాకే కోపమొచ్చింది. ఏడాది కష్టం ఎలా వదులుకుంటాంరా అని మళ్ళీ వేశాను. ఔనని పడ్డాయి. చూశావా ఒప్పుకున్నాడు, పో అన్నాను. పోయాడు."

గ్యోక్లాన్ ఏడవలేదు. తిట్టలేదు. మూలనున్న వెదురు కర్ర, చిప్పల తాళ్ళు ఎత్తడానికి ఛెంగ్‌హో వాడేది, తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది.

"లే," అంది.

కర్ర దేనికో అతనికి తెలుసు. తల్లిదండ్రుల కంటే ముందు పోయిన బిడ్డ పెద్ద తప్పు చేసినవాడి కింద లెక్క. బిడ్డ శవపేటికను, శవం దొరకకపోతే నీటిగూటిని, తండ్రి కర్రతో మూడు దెబ్బలు కొట్టి, నన్ను వదిలి ముందే పోతావా అని తిట్టాలి. అలా కొడితేనే పైకచేరీలో ఆ తప్పు మాఫీ అవుతుంది. ఆ దెబ్బ ఇంకెవరు కొట్టినా చెల్లదు. తండ్రి కొట్టాడంటే బిడ్డ పోయాడని ఒప్పుకున్నట్టే.

బున్‌సెంగ్ గిన్నె చంకలో పెట్టుకుని కరకట్ట ఎక్కాడు. జనం పాయ విడిపోయినట్టు విడిపోయి దారి ఇచ్చారు. తెల్లగూడు దగ్గరికి వచ్చాక తలగుడ్డ విప్పాడు. ముప్ఫై ఏళ్ళలో అతని బట్టతలను ఊళ్ళో చాలామంది అదే మొదటిసారి చూడడం. చొక్కా ముడి విప్పాడు. బియ్యాన్ని పోటు నీళ్ళలో వంచాడు. ఎన్నిసార్లు తుడిచాడో, బియ్యం చేతి జిడ్డుకు పసుపుపచ్చగా మారిపోయింది. చేపపిల్లలు వచ్చి తినేశాయి.

తింగ్‌కోక్ అతన్ని చూశాడు. పాతికేళ్ళ మాట ఏదీ ఎత్తలేదు. "కొట్టు, అన్నా," అన్నాడు.

మొదటి దెబ్బకు కాగితం చిరిగింది. "నన్ను వదిలి..." అని ఆగిపోయాడు. రెండో దెబ్బకు లోపలి వెదురు బద్ద విరిగింది. మూడోది కొట్టడానికి చెయ్యి లేవకపోతే గ్యోక్లాన్ అతని మణికట్టు పట్టుకుని పైకెత్తింది. ఇద్దరి చేతులూ కలిసే దిగాయి.

"తప్పు నీది కాదురా," అన్నాడు బున్‌సెంగ్. "నాలుగోది నేను వేశాను."

అనవలసిన మాట అది కాదు. తింగ్‌కోక్ సరిదిద్దలేదు. చెక్కలు తీసి ఒక్కసారి వేశాడు. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా.

గూడు ఎవరూ ముట్టకుండానే తిరిగిందంటారు. గాలి ఉందని కూడా కొందరంటారు. గ్యోక్లాన్ దాన్ని ఎత్తి, చివర్లో గూళ్ళు కాల్చే నిప్పులో వెయ్యబోతే అడుగంతా తడిసి, ఒడ్డుకు లాగిన మనిషంత బరువుందట. ఆ మాట ఆమె ఒక్కతే చెప్పింది, అదీ ఒక్కసారే.

బున్‌సెంగ్‌ను పురిటిళ్ళకు పిలవకుండా ఒక ఏడాది గడిచింది. తరవాత పిల్లలు జడవడం మానలేదు గనక ఊరే ఒక దారి వెతుక్కుంది. ఆ రోజు కరకట్ట మీద ఎర్రతల గురువు ఎవరికీ కనబడలేదని తీర్మానించుకుంది. తింగ్‌కోక్‌ను అడిగితే, "ఎవరో బట్టతలవాడు వచ్చాడు. ఎవరో పోల్చుకోలేదు," అన్నాడు. తల్లులు మళ్ళీ చొక్కాలు తెచ్చారు. బున్‌సెంగ్ మళ్ళీ బియ్యం తుడిచాడు. కాని నీరు పల్లానికి పోతుందన్న నీతి మాత్రం ఇంకెవరికీ చెప్పలేదు.

గ్యోక్లాన్ అతనికి వండింది, వడ్డించింది, చొక్కాలు ఉతికింది. అతను తింటున్నప్పుడు ఎదురుగా కూర్చోవడం మానేసింది. వెదురు చెక్కలు రెండూ ఆ రాత్రే పొయ్యిలో పెట్టేసింది. కొత్తవి కొనడానికి అతనికి ధైర్యం చాలలేదు. ఆ ఇంట్లో దేవుణ్ణి ఇప్పటికీ ఎవరూ ఏమీ అడగరు.

ఇప్పుడతనికి డెబ్బై నాలుగు. ఎండపొడకు గుమ్మంలో కూర్చుని చిప్పలు ఒలుస్తుంటాడు. ఎవరైనా ఈ కథ ఎత్తితే కత్తి ఆపడు, తల ఎత్తడు.

"అంతా అబద్ధం. ఆ రోజు నాకు జ్వరం, ఇల్లు కదల్లేదు. ఎర్రతలవాడికి చావుతో ఏం పని? చెక్కలా? ఒక్కసారే వేశాను. మొదటిసారికే ఔనన్నాడు."

లోపల్నుంచి గ్యోక్లాన్ ఏమీ అనదు.