పదో రోజు గడి

బస్సు ఆగిపోయి అరగంట దాటింది. ముందు చక్రానికి పంచరు. మారుద్దామంటే ఉన్న ఇంకో చక్రంలోనూ గాలి లేదు. ప్రయాణికులందరం రోడ్డు పక్కన దిగి, ఎవరికి తోచిన సలహా వాళ్లం డ్రైవరుకు ఇస్తున్నాం. ఎక్కడికీ వేళకు చేరాల్సిన పని లేని నాలాంటివాడికి ఇలాంటి ఆగిపోవడాలంటే విసుగు పుట్టదు. ఒకాయన మాత్రం గడియారం చూసుకుంటాడు, రోడ్డు వంక చూస్తాడు, మళ్లీ గడియారం. చంకలో అట్ట ఫైలు, ఇస్త్రీ చొక్కా, జేబులో మూడు రంగుల పెన్నులు. బడిపంతులని పోల్చడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు.

“ఎన్నింటికి చేరతామండీ?” అని నన్ను అడిగాడు, బస్సు నాదే అన్నట్టు.

“తొందర పనా?”

“ఒంటిగంటకి ఆఫీసు కిటికీ మూసేస్తారు. ఇవాళే ఆఖరు.”

ఉల్లిపాయల లారీ ఒకటి వస్తే చెయ్యి అడ్డం పెట్టాడు. నేనూ ఎక్కేశాను. ఎందుకెక్కానంటే చెప్పలేను. మనుషుల వెంట పడిపోవడం నాకు చిన్నప్పటి జబ్బు, మందు లేదు.

బస్తాల మీద కూర్చున్నాక కథంతా చెప్పుకొచ్చాడు. ఆయన లెక్కల మాస్టారు, ఇరవై ఆరేళ్లుగా ఒకే బడి. పిల్లలు పెట్టిన పేరు ‘అర మార్కు మాస్టారు’. ముప్పై నాలుగున్నర వచ్చినవాణ్ణి ముప్పై అయిదు చేసిన పాపాన పోలేదట. ఒకసారి సొంత మేనల్లుడు అర మార్కుతో తప్పితే, అక్కగారు రెండేళ్లు మాట్లాడలేదు. “అర మార్కుకేముందిరా అంది మా అక్క. ఏమీ లేకపోతే ఎందుకడుగుతున్నావే అన్నాను.” దాంతో ఆ రెండేళ్లు.

ఏటా ముగ్గురు పిల్లలను లెక్కలూ సైన్సు పోటీకి తీసుకెళ్లేవాడు. పంతొమ్మిదేళ్లు వరసగా మొదటి రౌండులోనే ఓడిపోయి వచ్చారు. అర మార్కు మాస్టారితో పోటీకెళితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయొచ్చని బడిలో హాస్యం. ఈ ఏడు మాత్రం ఇద్దరబ్బాయిలు, ఒక అమ్మాయి కలిసి ఫైనలు దాకా పోయారు. గెలిచారు కూడా.

చిక్కంతా ఆ గెలుపులోనే ఉంది.

పదో తరగతి పిల్లలందరూ పది రోజులు ఎక్కడో ఒకచోట పని నేర్చుకోవాలి. పెట్టించే పూచీ మాస్టారిదే. అమ్మాయి కళ్లద్దాల కొట్టు కోరుకుంది. కొట్టు ముసలాయన్ని అందరూ తాత అంటారు. చేరిన నాలుగో రోజుకే ఆ పిల్ల అద్దాన్ని కిటికీ ఊచకు ఎదురుగా పట్టుకుని, మెల్లగా తిప్పుతూ, ఊచ ఎక్కడ విరిగినట్టు కనిపిస్తుందో చూసి, అద్దం వాలు ఎటుందో మెషిను లేకుండానే చెప్పేయడం నేర్చుకుందట. ఫైనలులో ఆఖరి ప్రశ్న సరిగ్గా దాని మీదే వచ్చింది. అబ్బాయిలిద్దరూ కాగితం మీద కుస్తీ పడుతుంటే, ఈ పిల్ల బొమ్మ గీసి చూపించేసింది.

పూర్వం ఒక తత్వవేత్త పగలంతా అద్దాలు సానపట్టి పొట్టపోసుకునేవాడని ఎక్కడో చదివాను. గాజుపొడి పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడై చనిపోయాడట. ఆ మాట అంటే మాస్టారు, “ఇప్పుడు నీళ్లు పోస్తూ రుద్దుతారండీ, పొడి లేవదు” అన్నాడు. తత్వం కన్నా నీళ్ల సంగతే ఆయనకు ముఖ్యం. నాకూ అదే సబబనిపించింది.

ఫైనలు తేదీ నాలుగు రోజుల ముందు చెప్పారు. అది సరిగ్గా అమ్మాయికి పదో పనిదినం. అబ్బాయిలిద్దరివీ అప్పటికే పూర్తయ్యాయి. కొట్టుకు వెళ్లకపోతే తొమ్మిదే అవుతాయి, తొమ్మిదికి సర్టిఫికెట్టు లేదు. సర్టిఫికెట్టు లేనిదే కళ్లద్దాల తయారీ కోర్సుకు దరఖాస్తే తీసుకోరు. తల్లి లాండ్రీలో బట్టలుతుకుతుంది. “ఈ ఏడు సీటొస్తే చదువుకో. రాకపోతే రేపట్నుంచి నాతో రా” అని చెప్పేసింది. కఠినురాలేం కాదు. ఆమె చేతులు పాడైపోయాయి, ఇంకో రెండు చేతులు కావాలి.

“అందుకని తాత దగ్గరికెళ్లి, పదో రోజుకి కూడా ముందే సంతకం పెట్టేయమన్నాను” అన్నాడు మాస్టారు, లారీ రొదలో నాకే వినబడీ వినబడనట్టు. “ఇరవై ఆరేళ్లలో అదొక్కటి.”

“మరి ఎలా బయటపడింది?”

“పోటీ రిపోర్టు, హాజరు పట్టికలు, రెండూ వెళ్లేది ఒకే ఆఫీసుకి. గెలిచిన సంతోషంలో ఫోటోతో సహా అన్నీ ఒకే కవర్లో పెట్టి పంపించాను. నేనే పెట్టానండీ. నా చేత్తో అంటించాను. ఇవాళ్టిలోగా వచ్చి తేల్చుకోమని కబురు.”

ఒంటిగంటకు ఇరవై నిమిషాలుండగా ఆ ఆఫీసు ముందు దిగాం. రెండో అంతస్తు, పొడుగు వరండా, చివర గది. కిటికీ వెనకాల పెద్దవయసు గుమాస్తా ఒకావిడ, ముక్కు మీదికి జారిన కళ్లజోడు.

“రండి మాస్టారూ. ఈయనెవరు?”

“తోడొచ్చారు మేడమ్.”

నేను బల్ల చివర కూర్చున్నాను. ఆవిడ పట్టికనూ ఫోటోనూ పక్కపక్కన పెట్టింది. ఫోటో కింద తేదీ, పట్టిక పదో గడిలో తేదీ ఒక్కటే.

“లెక్కల మాస్టారు కదా, మీరే చెప్పండి. ఒకే పిల్ల ఒకే పూట రెండు ఊళ్లలో ఎలా ఉంటుంది?”

మాస్టారు ఫైలు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

“పైగా ఈ రాత చూడండి. ‘ఆరు జతలు రుద్దింది. ఒకటి పగలగొట్టింది. మందలించాను.’ ఇంత శ్రద్ధగా ఎవరు రాశారండీ?”

“కొట్టు ఆయన. సంతకం ఒక్కటే పెట్టమన్నాను మేడమ్. ఉత్త సంతకమైతే నమ్మరేమోనని...”

“బాగా నమ్మాను. ఫోటో చూసేదాకా.”

తర్వాత ఆవిడే గొంతు తగ్గించింది. పోటీకి వెళ్తోందని ముందే అర్జీ పెట్టి ఉంటే ఒక రోజు పొడిగించేవారట. దానికో నీలం కాగితం ఉంది.

“ఉందని తెలుసు మేడమ్. మంజూరయ్యేసరికి మూడు వారాలు. నాకున్నవి నాలుగు రోజులు.”

“అయినా పెట్టాల్సింది. పెట్టినట్టు ముద్ర ఉంటే చాలేది.”

మాస్టారు బల్ల అంచు పట్టుకున్నాడు. “ఆ పిల్ల ఇప్పటికీ వెళ్తోంది మేడమ్. పది అయిపోయాక కూడా రోజూ వెళ్తోంది. అందులో ఒక రోజు తెచ్చి ఇక్కడ...”

“పది గడులే ఉన్నాయి మాస్టారూ. వాటి గడువు పోయిన నెలతో సరి.” కళ్లజోడు తీసి తుడుచుకుంది. “చూడండి, అబద్ధపు హాజరని పైకి రాస్తే ఆ కొట్టుకి ఇంకెప్పుడూ పిల్లల్ని పంపరు, మీ మీద విచారణ. నేనలా రాయను. రెండింట్లో ఒకటి పొరపాటున రాశామని మీరే కొట్టేసి సంతకం పెట్టండి. పదో రోజైనా కొట్టేయండి, పోటీలో ఆ పిల్ల పేరైనా కొట్టేయండి. అంతవరకే నా చేతిలో ఉంది.”

“పేరు కొట్టేస్తే?”

“ముగ్గురుంటేనే జట్టు. గెలుపు చెల్లదు. ఆ అబ్బాయిలిద్దరికీ దీని మీదే పై బడిలో సీట్లిచ్చారు కదా. అవీ పోతాయి.”

ఒక్క నిమిషం అని బయటికొచ్చాడు. వెనకే నేనూ వచ్చాను. వరండాలో ఫోను తీసి, ముసలివాళ్లలాగే చెయ్యి చాపి దూరంగా పట్టుకుని మాట్లాడాడు. అవతలి మాట నాకూ వినబడింది.

“సార్, ఏమన్నారు?”

“నువ్వెక్కడున్నావమ్మా?”

“కొట్లో. తాతకి చెయ్యి నొప్పంటే పొద్దుట్నుంచి నాలుగు జతలు నేనే బిగించాను. ఇవాళ్టికి పంతొమ్మిదో రోజు సార్.”

“లెక్కపెడుతున్నావా?”

“మీ దగ్గర చదివి లెక్కపెట్టకపోతే బాగుంటుందా?”

మాస్టారు గోడ వంక చూస్తూ అన్నాడు. “పదో రోజు ఒకటి పగలగొట్టావని తాత రాశాడే.”

“నేనా?” అటువైపు గొంతు మారింది. “సార్, ఇంతవరకూ ఒక్కటీ పగలగొట్టలేదు. తాతా, ఏం రాశావు నువ్వు?”

దూరం నుంచి ముసలి గొంతు. “ఏ తప్పూ లేకుండా రాస్తే ఎవరు నమ్ముతారే? నా మొదటి నెల్లో పదకొండు పగలగొట్టాను.”

“నీవి నా ఖాతాలో ఎందుకు వేస్తావు? గీత పడిందని రాయొచ్చుగా. పగలగొట్టానా నేను? సార్, అదొక్కటి కొట్టేయించండి సార్. ఆఫీసువాళ్లు నన్నేమనుకుంటారు?”

మాస్టారు నవ్వాడు. ఆ రోజంతటిలో నేను చూసిన నవ్వు అదొక్కటే, అదీ సగంలో ఆగిపోయింది.

“కొట్టేయిస్తానమ్మా.”

“సర్టిఫికెట్టు ఇవాళే ఇస్తారా సార్? అమ్మ అడుగుతోంది.”

“సాయంత్రం వచ్చి చెబుతాను.”

ఫోను జేబులో పెట్టుకుని నా వంక చూశాడు. ఏదైనా అంటానని చూశాడేమో. ఒకటి పెద్దదా, రెండు పెద్దవా అని లెక్కల మాస్టారికి నేను చెప్పాలా? పోనీ ఆ అబ్బాయిల పేర్లు తెలుసుకుందామా అనిపించింది. అడగలేదు. తెలిస్తే ఏం చేసుకుంటాను?

ఒంటిగంటకు అయిదు నిమిషాలుంది. గుమాస్తా పట్టిక ఇటు తిప్పి పెట్టింది. ఆయన ఎర్ర పెన్ను తీయబోయి, మానేసి నీలం తీశాడు. పదో గడి మీద గీత గీశాడు. వంకర రాకుండా స్కేలు అడిగి తీసుకుని మరీ గీశాడు. ‘ఒకటి పగలగొట్టింది’ అన్న మాటల మీద మాత్రం ఇంకో రెండు గీతలు, కింద ఏముందో ఎవరికీ కనబడనంత గట్టిగా. పక్కన సంతకం పెట్టాడు. గుమాస్తా ‘అసంపూర్తి’ అన్న ముద్ర వేసి, సిరా ఆరేదాకా కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని ఉంది.

“వచ్చే ఏడు మళ్లీ పెట్టించండి మాస్టారూ” అంది.

“అలాగే మేడమ్.”

కిటికీ మూసుకుంది.

మెట్లు దిగుతుంటే నా చెప్పు పట్టీ ఊడితే వంగి సరిచేసుకున్నాను. తలెత్తేసరికి ఆయన గేటు దాటి రోడ్డు మీద ఉన్నాడు. బస్టాండు ఎడమ వైపు. ఆయన కుడి వైపు నడుస్తున్నాడు, మరీ వేగంగా కాదు, ఫైలు చంకలో బిగించుకుని.

“మాస్టారూ, బస్సులు ఇటు” అన్నాను.

వినబడనంత దూరమేం కాదు. తిరిగి చూడలేదు. మలుపు దాకా నడిచి, ఆ మలుపు తిరిగిపోయాడు.