చల్లబడని తొట్టి

2024 మే 28. వంద గ్రాముల చాకలి సోడా పలుకుల్లో సుమారు అరవై మూడు గ్రాములు నీళ్ళే. పెడనలో కలంకారీ బట్ట ఉతికే హఫీజాకు ఈ లెక్క తెలియదు. ఆనాడు ఆమెకు తెలిసిందల్లా, తన చేతి మీదుగా వెళ్ళిన ఎర్రబట్ట ఊదారంగుకు తిరిగిందని.

రంగులో ఉడికిన బట్టను సోడానీళ్ళలో ముంచి ఉతకడం ఏళ్ళ తరబడి ఆమె పని. షెడ్డు యజమాని శోభనాద్రి ఆ తడిబట్టను వెలుతురుకు పట్టి చూశారు.

"తూకం తప్పావు హఫీజమ్మా. వయసు మీద పడింది. రేపట్నుంచి తొట్టి దగ్గర మన కుర్రాడు నబీని పెడతాను, వాడి బదులు నువ్వు మడతలు పెట్టుకో."

"కిలో అంటే కిలోనే వేశానండీ."

"మరి ఎరుపెటు పోయింది పిన్నీ, గాలికి కొట్టుకుపోయిందా?" అచ్చులు అద్దే జ్యోతిర్మయి నవ్వింది.

హఫీజాకు నవ్వు రాలేదు. తొట్టి చేజారితే ఆ షెడ్డులో తన మాటకిక విలువుండదు. "ఇంకొక్కసారి మీ ఎదురుగానే తూచి కలుపుతానండీ" అని బతిమాలింది.

త్రాసులో కిలో సరిగ్గా తూగింది. ముందుసారి తొందరలో కర్రతో కలిపింది గాని, ఇప్పుడు పాత అలవాటు ప్రకారం మోచేతిదాకా చేయి ముంచింది. ముంచి, ఆగిపోయింది. సోడా కరిగితే నీళ్ళు చల్లబడాలి. వేసవిలో ఆ చల్లదనం కోసమే జ్యోతిర్మయి కూడా వచ్చి చేతులు పెట్టేది. ఇవాళ నీళ్ళు గోరువెచ్చగా తగిలాయి.

"ఇది మన సోడా కాదండీ."

"అదే సంచి కదమ్మా!"

సంచిని బోర్లించారు. పైనున్నదంతా తెల్లని పిండి. అడుగున మాత్రం గాజుముక్కల్లాంటి పలుకులు. పలుకులో ప్రతి సోడియం కార్బొనేటుకూ పది నీటి అణువులు కట్టుబడి ఉంటాయి. పొడిబారిన పడమటి గాలి వాటిలో తొమ్మిదింటిని లాగేసుకుంటే మిగిలేది ఈ పిండి. ఇది కరిగితే నీళ్ళు చల్లబడవు, కాస్త వేడెక్కుతాయి. కిలో పిండిలో, కిలో పలుకుల్లోకన్నా రెట్టింపుకు మించిన సోడా ఉంటుంది. ఆ ఘాటుకే ఎరుపు తిరిగిపోయింది.

శోభనాద్రి అడుగు పలుకుల్ని బకెట్టులో కరిగించి చేయి పెట్టారు. "చల్లగానే ఉందే! నీ తూకం తప్పలేదమ్మా."

"సంచి మూతి తెరిచి ఉంచింది మాత్రం నేనేనండీ, తోడుకోవడం సులువని."

"అయితే ఇకమీదట మూతి కట్టడమూ నీదే, తొట్టీ నీదే."

మరుసటి వారం, కిలోకు బదులు అరకిలోకన్నా తక్కువ పిండి వేసి ఉతికిన బట్ట ఎర్రగానే వచ్చింది. మడతలు నబీ పెట్టాడు. ఊదాబట్టతో జాకెట్టు కుట్టించుకుని వచ్చిన జ్యోతిర్మయి, "గాలి అద్దిన రంగు, ఎలా ఉంది పిన్నీ?" అంటూ తొట్టిలో చేయి పెట్టింది.