కోచ్ మారినప్పుడల్లా వచ్చే ఫోన్

ఆదివారం మధ్యాహ్నం పప్పులో పోపు వేసి, స్మోక్ అలారం మోగకుండా వంటింటి కిటికీ తెరిచి, ఫోన్ చూసుకున్నాను. అమెరికాలో నేను చదువుకున్న యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్‌ని తీసేశారట. నాకు వచ్చిన మొదటి ఆలోచన ఆయన గురించి కాదు. అమ్మయ్య, ఇక తమ్ముడు ఫోన్ చేస్తాడు అనుకున్నాను. ఒక మనిషి ఉద్యోగం పోయిందంటే సంబరపడటం తప్పే. కానీ మూడేళ్ళుగా మా అక్కాతమ్ముళ్ళ మధ్య మాటలు ఇలాంటి కబురు వచ్చినప్పుడే నడుస్తున్నాయి, నన్నేం చెయ్యమంటారు?

ఇక్కడ కోవెంట్రీలో ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేది. నేను చెప్పేది బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికా ఆట, అందులోనూ కాలేజీ పిల్లలు ఆడేది. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు, ఇక్కడే పుట్టింది. శనివారం సాయంత్రం నేను లాప్‌టాప్ ముందు కూర్చోగానే “ఇట్స్ నాట్ ఈవెన్ ఫుట్‌బాల్, అమ్మా” అని పెదవి విరుస్తుంది. మా ఆయన అదో పిచ్చిలే అని ఏనాడో వదిలేశాడు. ఇంట్లో నా పక్కన కూర్చుని చూసేవాళ్ళు లేరు. ఆ ఖాళీ ఎంతదో ఎనిమిదేళ్ళ పాటు నాకు తెలియలేదు, ఎందుకంటే ఆట మొదలవగానే తమ్ముడు ఫోన్ చేసేవాడు. స్పీకర్లో పెట్టుకుని మూడున్నర గంటలు ఇద్దరం కలిసి చూసేవాళ్ళం. వాడక్కడ, నేనిక్కడ.

నాకు ఈ పిచ్చి పట్టింది స్టేడియం బయటి నుంచే. మాస్టర్స్‌కి వెళ్ళిన మొదటి ఏడాది అక్కడి తినుబండారాల కొట్లో పనిచేశాను. గుడ్డు కూడా ముట్టని దాన్ని, రోజంతా హాట్‌డాగులు అమ్మేదాన్ని. గోడ అవతల డెబ్బై వేల మంది ఒక్కసారిగా అరిచేవాళ్ళు, నాకేమో ఏం జరిగిందో తెలిసేది కాదు. ఒళ్ళు మండిపోయేది. ఒకసారి చేతిలో సాస్ సీసాతోనే గేటు దాకా పరిగెత్తాను. ఆకుపచ్చ చొక్కా వేసుకున్న కుర్రాడొకడు బంతి విసురుతున్నాడు. అది గాలిలో ఉన్నంతసేపూ అన్ని వేలమందీ నోరు మెదపలేదు. అంతే, అక్కడికి సరి. సూపర్‌వైజర్ పెట్టిన చీవాట్లు కూడా చెవికెక్కలేదు.

మరుసటి ఏడాది తమ్ముడు కూడా అదే యూనివర్సిటీకి వచ్చాడు. వాడికి ఆట నేనే నేర్పాను. రెండు సీజన్లు విద్యార్థుల గ్యాలరీలో పక్కపక్కన నిలబడి చూశాం. అక్కడ ఎవరూ కూర్చోరు. ఆటకి ముందు పార్కింగ్ స్థలంలో అందరూ మాంసం కాల్చుకుంటుంటే మేం స్టీల్ డబ్బాలో పులిహోర పెట్టుకుని తినేవాళ్ళం. పక్క కారు పెద్దాయన రుచి చూసి, తర్వాత ప్రతి శనివారం కాగితం పళ్ళెం పట్టుకుని వచ్చేవాడు. నా జీవితంలో నేను ఎక్కడన్నా పూర్తిగా ఇమిడిపోయానంటే అది ఆ పార్కింగ్ స్థలంలోనే. తర్వాత పెళ్ళై నేనిక్కడికి వచ్చేశాను, వాడు ఆ ఊళ్ళోనే ఉద్యోగం చూసుకున్నాడు.

మాకు చెడింది వాడి పెళ్ళి దగ్గర. ఒంగోల్లో పెళ్ళి, మార్గశిరంలో అనుకున్నారు. నాకు అప్పుడే బ్రిటిష్ పౌరసత్వం వచ్చింది. కొత్త పాస్‌పోర్ట్ కోసం దరఖాస్తు చేస్తే పాత ఇండియన్ పాస్‌పోర్ట్ కూడా పంపాలి. పెళ్ళయ్యాక చేసుకోవచ్చులే, ఆగు అని మా ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. నేను వింటేనా? పెళ్ళికి ఇంకా బోలెడు టైముందని పంపేశాను. పది రోజులకి అమ్మ ఫోన్. మూఢం వస్తోందట, ముహూర్తం ముందుకి, కార్తీకానికి జరిపారట. అప్పటికి నా దగ్గర పాతదీ లేదు, కొత్తదీ లేదు. ఎవరెవరికో ఫోన్లు చేశాను, ఏడ్చాను, లాభం లేకపోయింది. హాఫ్ టర్మ్ సెలవులు కలిసొచ్చి మా ఆయన, పిల్ల వెళ్ళారు. నేను ఈ ఇంట్లో ఒక్కదాన్నే పట్టుచీర కట్టుకుని, వీడియో కాల్ ముందు కూర్చున్నాను.

మా ఇళ్ళల్లో మంగళసూత్రానికి మూడో ముడి ఆడపడుచు వేస్తుంది. మా పిన్ని కూతురు వేసింది. ఆ సమయానికి ఫోన్ పట్టుకున్న వాళ్ళ చెయ్యి వంగిపోయి, నాకు పందిరి పైకప్పు మాత్రమే కనిపించింది. సాయంత్రం వాడికి ఫోన్ చేసి క్షమించరా అంటే, “నీకు రావాలని ఉంటే వచ్చేదానివి. నా పెళ్ళికన్నా ఆ పాస్‌పోర్ట్ ఎక్కువైంది నీకు” అన్నాడు. నాకు ముక్కుమీదే కోపం, వెంటనే ఏదో అనేశాను. వాడి కోపం అరికాలి నుంచి మొదలవుతుంది, ఎక్కడానికి టైం పడుతుంది గాని ఎక్కిందంటే దిగదు. ఇద్దరం ఫోన్లు పెట్టేశాం.

నెల దాటాక ఒక రోజు వాడి నుంచి ఫోన్. “పాత కోచ్ పెద్ద యూనివర్సిటీకి వెళ్ళిపోతున్నాడు” అన్నాడు. మా కాలం నాటి కోచ్ ఆయన. అయ్యో అన్నాను. “సరే మరి” అని పెట్టేశాడు. ఒక్క నిమిషం కూడా మాట్లాడలేదు, అయినా ఆ పూటంతా నా కాళ్ళు నేల మీద నిలవలేదు. తర్వాత కొత్త కోచ్‌ని పెట్టినప్పుడు ఒకటి, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ వేరే జట్టుకి మారిపోయినప్పుడు ఒకటి. ఎప్పుడూ వాడే చేసేవాడు. నేను ఎత్తడానికే పుట్టినట్టు ఎత్తేదాన్ని. మధ్యలో వాడికి కూతురు పుట్టింది. అది నాకు తెలిసింది కుటుంబం వాట్సాప్ గ్రూపులో. ఆ పసిదానికి జట్టు ఆకుపచ్చ చొక్కా తొడిగి ఫొటో పెట్టాడు. అందరితో పాటు నేనూ ఒక గుండె బొమ్మ పెట్టి ఊరుకున్నాను. రమ్మని వాడు అనలేదు, వస్తానని నేను అనలేదు.

కిందటి వేసవి చివర్లో వచ్చింది అసలైన ఫోన్. జట్టులో బంతి ముందుగా చేతికి వచ్చేది క్వార్టర్‌బ్యాక్‌కే. ఎవరికి విసరాలో ఆ రెండు మూడు సెకన్లలో వాడే తేల్చుకోవాలి. మంచివాడు దొరికితే జట్టు ఒడ్డున పడ్డట్టే. అలాంటి వాళ్ళ కోసం కోచ్‌లు హైస్కూల్ పిల్లల ఇళ్ళ చుట్టూ తిరుగుతారు. పిల్లాడు వస్తానని నోటిమాట ఇస్తాడు, సంతకం మాత్రం డిసెంబరులో. మన పెళ్ళిచూపులకీ తాంబూలాలకీ మధ్య ఉండే గుబులే ఇదీను. మా జట్టుకి అలా ఒక పదిహేడేళ్ళ పిల్లాడు మాటిచ్చాడు. తమ్ముడు రెండు గంటలు కారు నడుపుకుంటూ వెళ్ళి ఆ పిల్లాడి స్కూలు ఆట చూసొచ్చాడట. వాడు బంతి విసిరితే మన రోజులు గుర్తొచ్చాయక్కా అన్నాడు. ఆ “మన” అన్న మాట వారం రోజులు నా చెవుల్లో తిరిగింది.

కాబట్టి ఆదివారం కోచ్ ఉద్యోగం పోయిందని తెలియగానే ఫోన్ చేత్తో పట్టుకునే తిరిగాను. రాలేదు. సోమవారం మీటింగులో కూడా ఫోన్ బల్ల మీద వెల్లకిలా పెట్టుకుని కూర్చున్నాను. రాలేదు. ఇక ఆ దారం కూడా తెగిపోయిందనిపించి భయమేసింది. మంగళవారం సాయంత్రం ఆఫీసు కార్ పార్క్‌లో, కారులోనే కూర్చుని వాన తగ్గుతుందేమోనని చూస్తూ, ఇంకో కబురు చదివాను. తనను రమ్మన్న కోచే లేడు కాబట్టి ఆ పిల్లాడు మాట వెనక్కి తీసుకున్నాడట. పంతం ఎటు పోయిందో గాని, నా వేలు వాడి నంబరు మీద పడింది.

వాడికి అక్కడ మధ్యాహ్నం కావస్తోంది. ఉండు అని ఆఫీసు నుంచి బయటికి నడిచాడు. కారు తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది.

“కోచ్ సంగతి నీకు ఆదివారమే తెలిసుంటది గదా” అన్నాడు.

“తెలిసింది.”

“ప్రతిసారీ నేనే చెయ్యాలా? ఈసారన్నా నువ్వు చేస్తావేమోనని చూశా.”

అటువైపు కూడా ఒకరు ఎదురుచూస్తూ ఉంటారని మూడేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు నాకు. వాడు మాత్రం ఆగలేదు. ఆ పిల్లాడిని, వాళ్ళ నాన్నని, కోచ్‌ని తీసేసిన వాళ్ళని వరసపెట్టి తిట్టాడు. అంతా విన్నాను. చివరికి గొంతు తగ్గించాడు.

“వస్తానని మాటిచ్చినోళ్ళు రావాలి గదక్కా. రాకపోతే ఇక్కడ చూస్తూ నిలబడ్డోళ్ళు ఏమైపోవాలి?”

“చిన్నపిల్లోడురా. రమ్మన్న మనిషే లేకుండా పోయె. వాడి చేతిలో ఏముందని?”

“చేతిలో లేదని ఒక మాట చెప్పొచ్చుగా.”

“చెబితే నువ్విన్నావా?”

మేము ఆ పిల్లాడి సంగతి ఎప్పుడో వదిలేశామని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. నా అద్దం మీద వైపర్లు తిరుగుతూనే ఉన్నాయి. వాడే అడిగాడు, బావ ఆగమన్నా ఎందుకు ఆగలేదని. ఆ ఒక్కటీ ఇప్పటికీ అర్థం కాలేదన్నాడు.

మూడేళ్ళు కడుపులో దాచుకున్నది అప్పుడు చెప్పాను. “ఇండియన్ పాస్‌పోర్ట్ మీద అమెరికా వీసా ఇంటర్వ్యూ కోసం నెలలకి నెలలు ఆగాలిరా. బ్రిటిష్‌దైతే ఆ గొడవ లేదు, ఆన్‌లైన్‌లో అడిగితే చాలు. నీ పెళ్ళయ్యాక వచ్చే సీజన్‌కి, చెప్పకుండా వచ్చి మన గ్యాలరీలో నీ పక్కన నిలబడదామనుకున్నా. అందుకని తొందరపడ్డా.”

అటునుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. చిన్నప్పుడు దెబ్బ తగిలినా ఏడవలేదని చెప్పడానికి వాడు అలాగే చేసేవాడు.

“ఆ పాస్‌పోర్ట్ ఇప్పుడెక్కడుంది?” అన్నాడు.

“ఇంట్లో, డ్రాయర్లో.”

“మరి దాన్ని అక్కడ పెట్టుకుని ఏం చేస్తున్నావక్కా?”