సౌజన్యం: ప్లాట్ల మామ

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. మంచి పని చేస్తే డబ్బు దానంతటదే వస్తుందని ఒకటి, అలా వచ్చిన డబ్బు మనల్ని ఏమీ అడగదని ఇంకొకటి. (రెండోది పోయాక మొదటిదాని మీద కూడా అనుమానం వచ్చింది.) మేడ్చల్ బస్ డిపో దగ్గర జిరాక్స్ సెంటర్లో పనిచేస్తూ, తెలుగులో దరఖాస్తులు టైపు చేసుకోవడానికి ఓ చిన్న సాఫ్ట్‌వేర్ రాశాను. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, లోపలి కోడు చూడొచ్చు, నచ్చకపోతే మార్చుకోవచ్చు. చుట్టుపక్కల సెంటర్లన్నీ అదే పెట్టుకున్నాయి. నా పాత కంప్యూటర్ పొగలు కక్కి ప్రాణం వదిలేదాకా నేను కాలరెగరేసుకునే తిరిగాను.

అది లేకపోతే నా సాఫ్ట్‌వేర్ అక్కడితో ఆగిపోయినట్టే. విరాళం అడగడానికేమో నోరు రాదు. అప్పుడు దేవుడిలా వచ్చాడు మా మేనమామ. తూంకుంటలో వెంచర్లు వేసి అమ్ముతాడు కాబట్టి మా అందరికీ ఆయన ప్లాట్ల మామ. కొత్త కంప్యూటర్ కొనిచ్చి, "నాకేం వద్దు అల్లుడా. గుడికి ఫ్యాన్ ఇస్తే రెక్క మీద పేరు రాస్తరు గద, గట్లనే జర నా పేరెయ్యి" అన్నాడు. న్యాయమే అనిపించింది. అచ్చయ్యే ప్రతి కాగితం అడుగున 'సౌజన్యం' అని ఆయన పేరూ, వెంచర్ పేరూ వచ్చేలా రాసేశాను.

నెల తిరక్కముందే ఆ వెంచర్లో ఇల్లు కట్టుకున్న గోదావరి సారు (అటు నుంచి ఉద్యోగానికొచ్చి స్థిరపడ్డాయన) మా సెంటర్‌కి వచ్చారు. మురుగుకాలువలు వేస్తానని చెప్పి వెయ్యలేదని మామ మీద మున్సిపాలిటీకి ఫిర్యాదు. మామ అయినా సరే, గిరాకీ గిరాకీయే కదా, టైపు చేసిచ్చాను. (అడుగున ఉన్న ఆ లైను నా కంటికి అలవాటైపోయి కనబడనే లేదు.) కాలనీ అంతా సంతకాలు పెట్టారు. మర్నాడు సారు ఆ కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ఆఫీసులో గుమాస్తా అడుగు దాకా చదివి, ఫిర్యాదు ఎవరి మీదో వారి సౌజన్యంతోనే ఇచ్చారేమిటని పడీపడీ నవ్వాడట.

"నీ పని మంచిదే బాబూ. కానీ ఇకమీదట నేను రాసింది నాదో, మీ మామదో ఎలా నమ్మనూ?" అన్నారాయన, కోపం కూడా లేకుండా. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికెళ్లి అవ్వకు చెప్పుకున్నాను. ఆమె మామను కన్నతల్లి, అయినా కొడుకుని వెనకేసుకు రాలేదు. "గుడిల పేరు రెక్క మీదనే రాస్తరు బిడ్డా, గాలి అందరికొస్తది. నువ్వు గాలి మీదనే రాసినవ్" అంది.

కంప్యూటర్‌ని ఆటోలో వేసుకుని తూంకుంట పోయాను. ఇచ్చేస్తే నా ఆట కట్టేనని తెలుసు, అయినా జరిగింది చెప్పి దాన్ని మామ ముందు దించాను. మామ కాసేపు మూతి ముడుచుకుని, "ఇచ్చింది మల్ల తీస్కుంటే మా అమ్మ నాకు బువ్వ వెడ్తదార? పేరు తీసెయ్యి, డబ్బా తీస్కపో" అన్నాడు. ఫిర్యాదు ఈసారి శుభ్రమైన కాగితం మీద వెళ్లింది. మామ గొణుక్కుంటూనే కాలువలు తవ్వించాడు.

తర్వాత సాఫ్ట్‌వేర్‌లోనే విరాళాలకు వేరే పేజీ పెట్టాను. ఎవరెంత ఇచ్చినా పేరు అక్షరక్రమంలో, ఒకే సైజులో వస్తుంది, ఇచ్చినందుకు ఎవరికీ ప్రత్యేకంగా ఏదీ చెయ్యం. మామా, సారూ ఇప్పటికీ అందులో పక్కపక్కనే ఉన్నారు. ఇదంతా విని అవ్వ కూడా తన నడుము సంచిలోంచి వంద నోటు తీసిచ్చింది. అంత నియమం రాసుకున్నవాణ్ణి, ఆమె పేరొక్కటి పిసరంత పెద్దగా పెట్టాను.

అవ్వ పోయి చాలాకాలమైంది. మొన్నామధ్య ఎవరో ముక్కూమొహం తెలియనివాడు కోడంతా చదివి, ఈ ఒక్క పేరు సైజు తప్పుందని చెబుతూ ఓ సవరణ పంపాడు. అతనిదే న్యాయం. అతను పంపిన మిగతా సవరణలన్నీ ఆ రోజే కోడులో కలిపేశాను. అదొక్కటి మాత్రం, రేపు చూద్దాంలే అని, ఇంకా అలాగే ఉంచాను.