చల్లారితే చెల్లని పిప్పరమెంటు

ఎవరు ఏ మంచి పని చేసినా మా పిప్పరమెంటు అన్నయ్య ఊరుకోలేడు. అప్పటికప్పుడు జేబులోంచి ఓ పిప్పరమెంటు బిళ్ళ తీసి వాళ్ళ చేతిలో పెట్టాల్సిందే. తలుపు మెల్లగా వేస్తే బిళ్ళ. తుమ్మేటప్పుడు ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకుంటే బిళ్ళ. లిఫ్టులోంచి దిగేవాళ్ళని ముందు దిగనిచ్చి ఆ తర్వాత ఎక్కితే రెండు బిళ్ళలు. మనిషికి అప్పటికే జుట్టు పలచబడింది. పీహెచ్‌డీలో ఎప్పుడు చేరాడో ఆఫీసువాళ్ళు కూడా మరిచిపోయారు. చొక్కా జేబు మాత్రం ఎప్పుడూ బడిపిల్లాడి జేబులా ఉబ్బి ఉండేది.

ఇది పిచ్చి కాదు, శాస్త్రమేనట. మాది మనస్తత్వశాస్త్ర విభాగం. మనుషులకి అలవాట్లు ఎలా అంటుకుంటాయి, ఎలా వదులుతాయి అన్నది అతని పరిశోధన. వెంటనే మెచ్చుకుంటే ఏ అలవాటైనా బలపడుతుందని అతని గట్టి నమ్మకం.

"థాంక్యూ అంటే సరిపోదా అన్నయ్యా?" అని అడిగాను ఒకసారి.

"థాంక్యూని చప్పరించలేం కదా అమ్మాయ్."

పైగా దానికో నియమం. బిళ్ళని వేడిమీదే ఇవ్వాలి. ఓ రోజు ల్యాబులో అనవసరంగా తిరుగుతున్న ఫ్యానులన్నీ ఆపి, ఆ సంగతి సాయంత్రం గుర్తొచ్చి చెప్పి, చెయ్యి చాపాను. అతను జేబు మూసేసుకున్నాడు.

"చల్లారిపోయింది, చెల్లదు. ఇప్పుడిస్తే నువ్వు ఫ్యాను ఆపినందుకు కాదు, చెయ్యి చాపినందుకు ఇచ్చినట్టవుతుంది."

ఒళ్ళు మండింది. కానీ శాస్త్రంతో ఏం వాదిస్తాం?

అతను ఉండేది వాళ్ళక్కగారింట్లో. ఆ ఇంటి బావగారికి స్నానం చేసి తడి తువ్వాలు మంచం మీద పడేసే అలవాటు. అక్కగారు కాపురానికి వచ్చినప్పటి నుంచి అరుస్తూనే ఉంది. మనవాడు రంగంలోకి దిగాడు. బావగారు ఎప్పుడో పొరపాటున తువ్వాలు తీగ మీద వేస్తే ఓ బిళ్ళ, ఇంకోసారి వేస్తే ఇంకో బిళ్ళ. కొన్నాళ్ళకి మంచం ఆరింది. ఈ విజయం ల్యాబంతా చాటింపు వేశాడు. తీరా చూస్తే బావగారు పొద్దుటికి, మధ్యాహ్నానికి, సాయంత్రానికి పొడి తువ్వాళ్ళు కూడా తడిపి తీగ మీద వేస్తున్నాడు. ఇంట్లో ఒళ్ళు తుడుచుకోడానికి పొడిగుడ్డ మిగల్లేదు.

"నా మొగుణ్ణి కుక్కపిల్లని చేశావు కదరా!" అని అక్కగారు గరిట పట్టుకుని వెంటపడిందట.

"కుక్కపిల్లయితే ఇంకా తొందరగా నేర్చుకునేది అక్కా!" అని పరిగెత్తుతూనే జవాబిచ్చాడట.

ఇవన్నీ నవ్వుకోడానికి బాగానే ఉండేవి. హెడ్డుగారి విషయమే మాకు నచ్చలేదు. మా విభాగం పెద్ద ఆయన. సెమినార్లో ఎవరు మాట్లాడుతున్నా ముఖం చూడరు, వాచీ చూసుకుంటారు. పళ్ళు పాడవుతాయని ఇంట్లో ఆవిడ తీపి దాచేస్తుందట, అందుకని పిప్పరమెంటు కనబడితే ప్రాణం లేచొస్తుంది. మనవాడు ప్రతి సెమినార్లోనూ ఆయన ఎదురుగా కూర్చునేవాడు. ఆయన పొరపాటున తలెత్తి మాట్లాడే పిల్లల వైపు చూసి కాస్త తలూపితే చాలు, మనవాడి బిళ్ళల రేకు డబ్బా మూత టక్కుమనేది. నున్నటి బల్ల మీద ఓ బిళ్ళ దొర్లుకుంటూ వెళ్ళి ఆయన ముందు ఆగేది.

"కాకా పట్టడంలో కూడా పరిశోధన చేస్తున్నాడు," అనుకునేవాళ్ళం. ఆ మాట అందరికంటే గట్టిగా అన్నది నేనే.

నా పరిశోధన మొహమాటం మీద. నా ప్రశ్నావళి నింపినవాళ్ళలో చాలామంది మొహమాటం కొద్దీ నింపినవాళ్ళే కాబట్టి ఫలితాలకి కొదవ లేదు. కొదవల్లా వాటిని నలుగురిలో నిలబడి చెప్పే నోటికి. మొదటి సెమినార్లో మొదటి వాక్యం సగంలో ఉండగా హెడ్డుగారు వాచీ చూసుకున్నారు. మిగతా సగం గొంతులోనే ఉండిపోయింది. నీళ్ళు తాగొస్తానని చెప్పి బయటికెళ్ళినదాన్ని మళ్ళీ లోపలికి రాలేదు.

"ఇంకొక్క అవకాశం. అప్పుడూ ఇంతే అయితే రిజిస్ట్రేషన్ రద్దు," అన్నారు హెడ్డుగారు తర్వాత పిలిచి.

ఫోన్లో చెబితే మా అమ్మ, "ఇంటికొచ్చేయవే. మొహమాటం గురించి నన్నడిగితే నేనే చెప్పేదాన్ని కదా, దానికంత దూరం పోవాలా?" అంది. నిజంగానే పెట్టె సర్దుకున్నాను. మానేస్తున్నానని అన్నయ్యకి చెప్పాను.

"మానెయ్," అన్నాడు తాపీగా. "వెళ్ళేలోగా ఓ చిన్న సాయం చేసిపెట్టు. నా ప్రయోగానికొచ్చేవాళ్ళకి సూచనలు చదివి వినిపించాలి. నా గొంతు బొంగురు."

కాదనడానికి మొహమాటం వేసింది. మొదటిరోజు టీ గదిలో మా అటెండరు ఒక్కడికే చదివాను, అదీ గోడకేసి చూస్తూ. చివరి మాట నోట్లో ఉండగానే చేతిలో బిళ్ళ పడింది. తర్వాత సెమినార్ హాలు గుమ్మంలో నిలబడి ఇద్దరికి. ఆ తర్వాత హాలు వెనక వరసలో నిలబడి నలుగురికి. ఓ వారం నడిమి వరసలో. "ఇక్కడ గాలి బాగా వస్తుంది," అని ముందు వరసకి జరిపాడు. "ఇక్కడ వెలుతురు బాగుంది," అని చివరికి వేదికే ఎక్కించాడు. ఆ వినేవాళ్ళలో పొట్టిగా, నున్నగా గడ్డం గీసుకున్న ఒకాయన ఎప్పుడూ బుద్ధిగా వింటూ ఉండేవాడు. అన్నయ్య ఉత్తపుణ్యానికి వెట్టిచాకిరీ చేయించుకుంటున్నాడని సణుక్కుంటూనే చదివాను. ఈ గొడవలో మానేసే సంగతి రోజూ రేపటికి వాయిదా పడుతూ వచ్చింది.

రెండో సెమినార్ రానే వచ్చింది. హెడ్డుగారు మధ్యలో, నా గైడు మేడమ్ పక్కన. మొదటి వాక్యం దాటాను. రెండోది దాటాను. మూడో వాక్యంలో ఉండగా హెడ్డుగారి కుడిచెయ్యి ఎడమ మణికట్టు వైపు బయలుదేరింది. నా వాక్యం మధ్యలోనే ఆగింది.

టక్కుమని డబ్బా మూత చప్పుడైంది.

హెడ్డుగారి చెయ్యి దారిలోనే ఆగిపోయింది. ఆయన గబుక్కున తలెత్తి, కళ్ళు విప్పార్చి, నా ముఖంలోకి చూసి తలూపారు. బల్ల మీద బిళ్ళ దొర్లింది. ఆయన బుగ్గన పెట్టుకుని మళ్ళీ తలూపారు. ఆ నోరూరే ముఖాన్ని చూశాక ఇంక భయపడటం నావల్ల కాలేదు. అక్కణ్ణుంచి నేను చెబుతూ పోయాను, ఆయన ఊపుతూ పోయారు. "ఇక్కడ నా అంచనా తప్పింది," అన్నా తలూపారు. "శాంపిల్ సరిపోలేదేమో?" అని మేడమ్ అడిగితే దానికీ తలూపారు. దానికి మాత్రం నేను చెమటలు కక్కుతూ జవాబు చెప్పాను. మేడమ్ నవ్వి, "ఇంత మాట్లాడే పిల్లవి ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కున్నావ్?" అంది. నా రిజిస్ట్రేషన్ నిలిచింది.

బయటికి రాగానే ఆ పొట్టాయన ఎదురొచ్చాడు.

"బాగా చెప్పావమ్మా. మొదట్లో గుమ్మం దగ్గర నీ గొంతు నాకే వినబడేది కాదు."

"మీరు..."

"నేను బావనమ్మా. తువ్వాలు బావని. మావాడు ప్రతి వారం లాక్కొచ్చేవాడు కదా, నీ ప్రయోగానికి."

"నా ప్రయోగమా? అది అన్నయ్యది కదండీ!"

"అదేనమ్మా. ప్రయోగం మావాడిదే. చేసింది నీ మీద!"

గుమ్మం, వెనక వరస, నడిమి వరస, గాలి, వెలుతురు, వేదిక. అన్నీ ఒక్కసారి వరసగా కళ్ళ ముందుకొచ్చాయి. హెడ్డుగారి చేత ఎన్ని నెలలుగా తలూపిస్తున్నాడో, మేమందరం కాకారాయుడని ఎంత నవ్వుకున్నామో కూడా గుర్తొచ్చింది. ప్రేమ, కోపం ఒకేసారి పొంగుకొచ్చాయి. నేరుగా ల్యాబులోకి వెళ్ళి అతని మీద పడ్డాను.

"చెప్పకుండా మనుషుల మీద ప్రయోగం చేయకూడదని మనకి మొదటి పాఠం! ఆ పాఠం చెప్పిందే నువ్వు!"

"ప్రయోగమైతే కదా?" అన్నాడు. ముఖం ఎర్రబడింది. "నేను డేటా రాసుకోలేదు అమ్మాయ్. డేటా రాయకపోతే దాన్ని ప్రయోగం అనరు."

"మరేమంటారు?"

అతను కిటికీ వైపు చూశాడు, చొక్కా గుండీ తిప్పాడు, గొంతు సవరించుకున్నాడు. మొహమాటం మీద పరిశోధన చేస్తున్నదాన్ని, అంత స్వచ్ఛమైన మొహమాటాన్ని నేనెక్కడా చూడలేదు.

"ఉత్త సాయం," అని గొణిగాడు.

ఆ మాట చల్లారకముందే అతని జేబులోంచే ఓ బిళ్ళ లాగి అతని నోట్లో పెట్టేశాను. ఓ క్షణం చప్పరించాడు. కళ్ళు మూసుకుపోయాయి, ముఖం ముడుచుకుపోయింది.

"ఛీ! ఇంత ఘాటుగా ఉంటుందా ఇది? దీనికోసమా మీరందరూ మంచిపనులు చేస్తున్నారు?"